బండ్లు కడిగిన నీళ్లకు జమ్ము మడి

ఆటోనగర్ లాంటి చోట బండ్లు కడిగే షెడ్డు ఉన్నవాళ్లు ఆ నీళ్లను నేరుగా కాలువలోకి వదలకండి. బ్రేకులు అరిగి రాగి, టైర్లు అరిగి జింకు అందులో కలుస్తాయి. మన విజయవాడ బుడమేరు వాగు చివరికి చేరేది కొల్లేరుకే, అక్కడి చేపలు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి. షెడ్డు వెనక కాస్త జాగా ఉంటే చాలు, జమ్ము మడి, అంటే ఆ నీళ్లను శుభ్రం చేసేలా కంకర నింపి జమ్ము నాటిన గుంత, కట్టుకోవచ్చు.

రోజుకు 200 లీటర్ల నీళ్లు వస్తాయనుకోండి. అవి మడిలో 5 రోజులైనా ఉండాలి, పైగా కంకర మధ్య ఖాళీ 40 శాతం దాకానే ఉంటుంది కాబట్టి 2,500 లీటర్లు పట్టే గుంత కావాలి. అంటే 60 సెంటీమీటర్ల లోతు, 4 మీటర్ల పొడవు, మీటరుకు కాస్త పైన వెడల్పు. అడుగున, పక్కల మందపాటి ప్లాస్టిక్ షీటు తప్పకుండా పరవండి, లేకపోతే ఇదంతా బోరు నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు వచ్చే వైపు, పోయే వైపు పెద్ద రాళ్లు, మధ్యలో సన్న కంకర. అడుగు పొరలో కొంచెం మాగిన పశువుల ఎరువు కలపండి. మడికి ముందు నూనె, గ్రీజు పైకి తేలి ఆగిపోయే తొట్టి ఒకటి ఉండాలి, గ్రీజు వెళ్లిందంటే కంకర పూడిపోతుంది. కాలువ గట్టున దొరికే జమ్ము దుంపలు మొలకతో సహా తెచ్చి మూరెడు దూరంలో నాటి, వేళ్లు పట్టేదాకా మామూలు నీళ్లే పెట్టండి.

మొక్కలే లోహాలన్నీ పీల్చేస్తాయని చాలామంది అనుకుంటారు, కానీ ఎక్కువ పని అడుగు బురదదే. నీళ్లు నెమ్మదించగానే లోహాలు అంటుకున్న మట్టి రేణువులు కిందికి దిగిపోతాయి. జమ్ము తన కాడల్లోంచి వేళ్లకు ఆక్సిజన్ పంపుతుంది, దాంతో వేళ్ల మీద ఇనుము తుప్పులా పేరుకుని జింకు, ఆర్సెనిక్ లాంటివాటిని పట్టేస్తుంది. ఇంకా కింద, గాలి అందని చోట, ఎరువును తింటూ బతికే బాక్టీరియా నీళ్లలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది, రాగి, సీసం, కాడ్మియం దాంతో కలిసి నీళ్లలో కరగని మడ్డిగా మిగిలిపోతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన కాస్త వస్తోందంటే ఆ పని జరుగుతున్నట్టే, టెన్షన్ పడకండి.

లోహం ఎక్కడికీ పోదు, మడిలోనే ఉంటుంది. అందుకే మే నెల ఎండల్లో కూడా మడి ఎండకూడదు. ఎండితే సల్ఫైడుకు గాలి తగిలి, పట్టిన లోహమే మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. కోసిన జమ్మును గేదెలకు వేయొద్దు, కాల్చొద్దు, ఆ మడిలో తూటికూర పెంచొద్దు. బయటికి వచ్చే నీళ్లను లోహాల కోసం ల్యాబులో పరీక్ష చేయించండి, తేటగా కనిపించినా తాగడానికి మాత్రం వాడకండి. బ్యాటరీ యాసిడ్‌ను అసలు ఇందులో పోయకండి, ఆ పులుపుకి బాక్టీరియా చచ్చిపోతుంది, మడ్డిలో కుదురుకున్న లోహం కూడా కరిగి బయటికొస్తుంది.