కనపడని మొగ్గు – 3వ పాఠం: మనిషి లోపలికి రాకముందే కొలత రాసుకోవడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ సెక్షన్‌లోకి ఈమధ్య ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అని మూడు వరసల్లో రాయమన్నాను. ఆ కాగితం తీయండి. మూడో వరసలో "మనకు సెట్ కాడు", "ఆ అమ్మాయిలో అంత చురుకు కనపడలేదు" లాంటి మాటలుంటే కింద గీత గీయండి. ఇవి చూడగానే కలిగిన అభిప్రాయానికి తర్వాత తొడిగిన చొక్కాలు. పని గురించి ఇవేమీ చెప్పవు.

మనసు చేసే ఈ పని మీద ఎరిక్ ఊల్‌మన్, జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. పోలీసు అధిపతి పోస్టుకు అభ్యర్థులను బేరీజు వేయమని కొందరిని అడిగారు. మగ అభ్యర్థికి పెద్ద చదువుందని చూపిస్తే, ఆ పోస్టుకు చదువు చాలా ముఖ్యమన్నారు. అదే చదువు ఆడ అభ్యర్థికి ఉందని చూపిస్తే దానికి అంత విలువ ఇవ్వలేదు. అర్హతను బట్టే ఎంచామని వాళ్ల నమ్మకం. పైగా, తాము నిష్పక్షపాతంగా ఉంటామని గట్టిగా అనుకున్నవాళ్లలోనే మగవాళ్ల వైపు ఈ మొగ్గు ఎక్కువ కనిపించింది. కానీ అభ్యర్థి ఎవరో తెలియకముందే ఏ అర్హత ముఖ్యమో చెప్పించినప్పుడు తేడా పోయింది. ఈ పాఠంలో మనం సాధన చేసేది ఆ ఒక్క పనే: ఆ పోస్టులో ఉన్నవాళ్లు ఏమేం చేయగలగాలో, అంటే కొలత, ముందే రాసుకోవడం.

చిత్తూరు దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీ అనుకుందాం. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి లోడ్లు గేటు ముందు బారులు తీరే కాలానికి ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ కావాలి. ఇంటర్వ్యూకు నగరి నుంచి ఒక అమ్మాయి, తిరుపతి నుంచి ఒక అబ్బాయి వచ్చారు. అమ్మాయి తెలుగులో తమిళ యాస ఉంది. అబ్బాయి ఇంగ్లీషులో గడగడా మాట్లాడాడు. ముందుగా ఏమీ రాసుకోని బోర్డులో చర్చ ఎటు పోతుందో మీకు తెలుసు. "కమ్యూనికేషన్ బాగుంది" అని ఒకరు అంటారు, మిగతావాళ్లు తలూపుతారు.

ఇప్పుడు కొలత రాద్దాం. కుర్చీలో కూర్చుని ఊహించి రాయకూడదు. లైను దగ్గరకు పోయి, ఆ పని చేస్తున్నవాళ్లను అడిగి రాయాలి. రెఫ్రాక్టోమీటర్ అనే పరికరంతో గుజ్జు బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో, చూసి, తేడా వస్తే ఏం చేయాలో తేల్చగలగాలి. కుళ్లిన కాయ లైనులోకి పోకుండా సార్టింగ్ దగ్గర పట్టుకోవాలి. మెషిన్ ఆగితే ఎవరికి చెప్పాలో, ఈలోపు పచ్చి సరుకును ఏం చేయాలో తెలియాలి. సార్టింగ్ బల్ల దగ్గర ఉన్న ఆడవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి పని చేయించాలి. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లు ఉంటే, నగరి అమ్మాయి మాట తీరు ఇక్కడ పనికొచ్చే గుణం అవుతుంది. ఇంగ్లీషు అసలు ఈ జాబితాలోకే రాలేదు. మనిషిని చూశాక రాసి ఉంటే అదే మొదటి వరసలో ఉండేది.

యాస గురించి నాకు బాధ ఉంది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. "వస్తాండా", "యాడికి" అని మాట్లాడే మన పిల్లలు హైదరాబాదు పోతే చులకనగా చూస్తారని మనమే బాధపడతాం. తిరుపతిలో బోర్డు మీద కూర్చున్నాక కుప్పం నుంచి వచ్చిన పిల్లవాడి మాట మనకే మోటుగా వినిపిస్తుంది. అందుకే కొలతలో "మంచి కమ్యూనికేషన్" అని రాయకండి. ఎవరికి, ఏ విషయం, ఏ భాషలో చెప్పగలగాలో రాయండి.

జాబితా అయ్యాక ఒక్కో అంశానికి ఒక్కో ప్రశ్న, అందరికీ అదే ప్రశ్న. "రాత్రి డ్యూటీకి ఇంట్లో ఒప్పుకుంటారా?" అని అమ్మాయినొక్కదాన్నే అడగకూడదు. "రాత్రి షిఫ్ట్ చేయగలరా?" అని ఇద్దరినీ అడగాలి. బోర్డులో ఎవరికి వాళ్లు విడిగా మార్కులు వేశాకే చర్చ. పెద్దసారు చివర మాట్లాడాలి, లేదంటే మిగతా పెన్నులన్నీ ఆయన వైపే వాలతాయి.

"ఏ ఊరు, ఎవరి తాలూకు?" అనేది మన వైపు ఆప్యాయంగా అడిగే మాటే. ఇంటర్వ్యూ గదిలో మాత్రం అది కులం దగ్గరికి తీసుకెళ్లే దారి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే స్థాయి అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. మనిషిని చూడకుండానే, పేరు ఒక్కటే ఆ పని చేసింది. అందుకని దరఖాస్తులు వడపోసేటప్పుడు పేరు, ఊరు, ఫోటో ఉన్న భాగాన్ని ఇంకొకరితో కప్పించి, మిగతాది చదవండి.

మీరు బోర్డులో చిన్నవాళ్లయితే, పెద్దవాళ్లు "ఎందుకో నచ్చలేదు" అన్నప్పుడు వాదనకు దిగవద్దు. జాబితా ముందుకు జరిపి, "సార్, వీటిలో ఏ పని దగ్గర ఇబ్బంది పడుతుందంటారు?" అని అడగండి. జవాబు ఉంటే అది నిజమైన కారణం, రాసుకోండి. లేకపోతే మార్కుల దగ్గరికే తిరిగి రావాల్సి వస్తుంది.

ఈ వారం పని: మీ దగ్గర ఖాళీ అయ్యే ఒక పోస్టు తీసుకోండి. ఆ పని చేస్తున్న ఇద్దరితో మాట్లాడి నాలుగైదు వాక్యాల్లో కొలత రాయండి. ప్రతి వాక్యం పక్కన, అది రాస్తున్నప్పుడు ఎవరైనా తెలిసిన మనిషి మొహం మీకు గుర్తొచ్చిందా అన్నది రాయండి. గుర్తొచ్చి ఉంటే ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ ఆ ఇద్దరినీ అడిగి రాయండి.

వచ్చే పాఠం ఏడాది చివరి అప్రైజల్, అంటే పనితీరు మీద రాసే అంచనా గురించి. మీరు ఇతరులకు రాసిన పాత అప్రైజల్ కాగితాలుంటే దగ్గర పెట్టుకోండి.