మాఘం దాటాక మిద్దె తోటలో వచ్చే తిప్పలు: ఏం కనిపిస్తే ఏం చేయాలి

శివరాత్రికి చలి పోతుంది, ఉగాదికల్లా మిద్దె కాలడం మొదలవుతుంది. తిరుపతిలో కుండీ మొక్కల జబ్బులు సగం ఈ నెల రోజుల్లోనే బయటపడతాయి. ఆకు కాస్త వాడగానే చాలామంది పురుగుమందుల అంగడికి పరుగెత్తుతారు. ఈ సీజన్‌లో మాత్రం ముందు అనుమానించాల్సింది బోరు నీళ్లను, నీళ్లు పోసే వేళను. మందు సీసా కొనేలోపు రెండు సంగతులు చూసుకోండి. చెడింది కొత్త ఆకా, పాత ఆకా? ఆకు తిప్పి చూస్తే అడుగున ఏమైనా కదులుతోందా?

కొత్త ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

కరివేపాకు, మందారం, నిమ్మ మొక్కల్లో ఇది ఎక్కువ. ఇది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నది వేరుకు అందక. బోరు నీళ్లు పోసేకొద్దీ కుండీ మట్టి క్షారంగా మారుతుంది, అందులో ఇనుము బిగుసుకుపోతుంది. ఎంత పేడ ఎరువు వేసినా చిగురు పసుపుగానే వస్తుంది.

లీటరు నీళ్లలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించాలి, తర్వాతే 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేయాలి. ఈ వరస తప్పితే నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి, అవి కొట్టినా పని చేయవు, పారబోయడమే. సరిగ్గా కలిస్తే నీళ్లు లేత పచ్చగా, తేటగా ఉంటాయి. కొనేటప్పుడే చూసుకోండి: మంచి అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుగా ఉంటుంది, గోధుమరంగు పొడిగా మారిందంటే పాతది. ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేసి, 10 రోజుల తేడాతో ఇంకో రెండుసార్లు కొట్టండి. పసుపైన పాత ఆకు మళ్లీ పూర్తిగా పచ్చబడకపోవచ్చు, ఫలితం కొత్త చిగురులో వెతకాలి. టైల్స్ మీద పడితే మరక పోదు, కుండీ కింద గోనెపట్ట పరవండి.

పసుపు కింది ముదురాకుల్లో మొదలైతే అది నత్రజని లోపం. చెనిక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, 10 లీటర్లు చేసి కుండీకి అర లీటరు చొప్పున 15 రోజులకొకసారి పోస్తే సరిపోతుంది. చెక్కను పొడిగానే మట్టి మీద చల్లితే చీమలు, ఎలుకలు చేరతాయి.

ఆకు అంచులు మాడడం, కుండీ అంచున తెల్ల పొర

ఆ తెల్ల పొర ఉప్పు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోసే ఇళ్లలో ఇది తొందరగా వస్తుంది. బోరు నీళ్లలోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లు బాత్రూం కడగడానికి వాడుకోండి, మొక్కలకు వద్దు.

కుండీ పైన తెల్లబడిన మట్టిని ఒక అంగుళం మందాన గీకి తీసేయండి. 20 లీటర్ల పెయింట్ బకెట్ అయితే 30 నుంచి 40 లీటర్ల నీళ్లు గంటసేపు కొంచెం కొంచెంగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనివ్వాలి. దీనికి కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే మరీ మంచిది. నెలకొకసారి చాలు. ఉప్పుతోపాటు ఎరువు కూడా కొట్టుకుపోతుంది కాబట్టి మరుసటి వారం రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేయండి. బకెట్ అడుగున రంధ్రాలు మూసుకుపోయి ఉంటే ఇదంతా వేరుకుళ్లుకు దారి తీస్తుంది, ముందు పుల్లతో పొడిచి చూసుకోండి.

టమేటా కింది భాగం నల్లబడి లోపలికి కుంగిపోవడం

దీనికి గుడ్డు పెంకుల పొడి వేయమనే సలహా ఊరంతా తిరుగుతుంటుంది. కాయకు కాల్షియం అందకపోవడమే కారణం, అంతవరకు నిజమే. కానీ మన బోరు నీళ్లలో కాల్షియానికి కొదవేమీ లేదు. కాల్షియం నీళ్లతోపాటే కాయదాకా వెళ్లాలి, ఒకరోజు మట్టి ఎండి మరుసటి రోజు చిత్తడైతే ఆ ప్రయాణం తెగిపోతుంది. పెంకుల పొడి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, అప్పటికి టమేటా కాపే అయిపోతుంది.

నల్లబడిన కాయలు తెంపేయండి, అవి బాగుపడవు. పొద్దున 7 గంటల లోపు ఒకసారి, ఎండలు ముదిరితే సాయంత్రం ఇంకోసారి, రోజూ అదే వేళకు నీళ్లు పోయాలి. మట్టి మీద రెండంగుళాల మందాన చెనిక్కాయ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. మన జిల్లాలో దానికి కరువు లేదు. 12 అంగుళాల కన్నా చిన్న కుండీలో టమేటా పెడితే ఎన్ని చేసినా ఈ తిప్పలు తప్పవు.

పూలు రాలిపోతుంటే అది వేరే సంగతి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు. 50 శాతం నీడ వల పడమర వైపు వాలుగా కట్టి, పొద్దున పూల కాడలను వేలితో మెల్లగా తట్టండి. ఏప్రిల్‌లో కూడా టమేటా కోసం పోరాడటం అనవసరం. ఆ కుండీలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేసుకోవడం మేలు.

మిరప ఆకు ముడుచుకోవడం

ఏ వైపు ముడిచిందో చూడకుండా మందు కొట్టొద్దు. అంచులు పైకి లేచి ఆకు దోనెలా అయితే తామర పురుగులు. కిందికి ముడిచి, ఆకు సన్నగా సాగి కాడ పొడవైతే తెల్లనల్లి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి. గడ్డిరంగు సన్న గీతల్లాంటివి నడుస్తుంటే తామర పురుగులే. నల్లి అంత తేలిగ్గా కంటికి కనబడదు, భూతద్దం కావాలి.

పై ముడతకు 1500 పీపీఎం వేప మందు లీటరుకు 5 మిల్లీలీటర్లు, వారానికొకసారి, మూడు వారాలు. నీలిరంగు జిగురు అట్టలు కూడా వేలాడదీయండి. గానుగ వేపనూనె అయితే నీళ్లలో కలవదు. ముందు నూనెలో సబ్బు ద్రావణం వేసి పాలలా అయ్యేదాకా గిలకొట్టి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. నూనె పైన తేలుతుండగా కొడితే ఆకు మాడుతుంది. కింది ముడతకు నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట మాత్రమే.

వేపనూనె కొట్టాక రెండు వారాలు గడవకుండా గంధకం కొట్టకూడదు. రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది, దాన్ని మళ్లీ తెగులు అనుకుని ఇంకో మందు కొట్టేవాళ్లున్నారు. పక్కన దోస, కాకర తీగలుంటే గంధకం వాటి మీద పడనివ్వొద్దు.

ఆకులు చిన్నవై, పసుపు ఆకుపచ్చ మచ్చలతో చెట్టంతా గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు. పీకి కవరులో కట్టి పారేయండి, దాన్ని మోసే పురుగుల కోసం మిగతా మొక్కల ఆకుల అడుగు చూడండి.

సొర, బీర పిందెలు పసుపై రాలడం

పువ్వు వెనక చిన్న కాయ ఉంటే ఆడపువ్వు. దానికి పుప్పొడి అందక పిందె ఎండుతుంది. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, కాకర పొద్దున్నే. ఆ వేళకు మగపువ్వు తెంపి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో రుద్దండి.

పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు బొట్టు కనిపిస్తే పండు ఈగ. ఇక్కడ ఎర బుట్ట (వాసనతో ఈగలను లాగి పట్టే డబ్బా) కొనడంలో పొరపాటు జరుగుతుంది: మామిడి ఈగకు మిథైల్ యూజినాల్, తీగ కూరగాయల ఈగకు క్యూ లూర్. మామిడిది తెచ్చి బీర పందిరికి కడితే లాభం లేదు. పిందె కట్టగానే కాగితం సంచి తొడగడం ఇంట్లోవాళ్లకు అన్నిటికన్నా తేలిక. రాలిన కాయలు కంపోస్టులో వేయొద్దు, పురుగు అక్కడే పెరుగుతుంది.

మందారానికి పిండినల్లి

గట్టి నీటిధారతో కడిగి, మరుసటి రోజు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల లెక్కన ద్రవ సబ్బు కలిపి కొట్టండి. చీమలు ఎక్కకుండా చూడకపోతే వారంలో మళ్లీ వస్తుంది.

కోతులు

కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లకు వీటి తాకిడి ఎక్కువ. ఇనుప జాలీ ఒక్కటే పని చేస్తుంది, వల అయితే చింపేస్తాయి. జాలీ కట్టలేకపోతే టమేటా కొద్దిగా రంగు తిరగగానే కోసి వంటింట్లో పెట్టండి, నాలుగైదు రోజుల్లో అదే పండుతుంది.