నీలగిరి రైలెక్కితే ఇంజన్ పక్క బోగీలో కూర్చోండి

ఊటీ రైలు అనగానే అందరూ ముందు బోగీ కోసం ఎగబడతారు. కొండెక్కేటప్పుడు ఇంజన్ వెనకుండి తోస్తుంది కాబట్టి ముందు బోగీ వాళ్లకు అడ్డేమీ ఉండదు, లోయలన్నీ కళ్లముందే. నేను నాలుగుసార్లు వెళ్లొచ్చాను. నా మాట వింటే చివరి బోగీలో, ఇంజన్‌కు ఆనుకుని కూర్చోండి. లోయలు బస్సులోంచి కూడా కనిపిస్తాయి. ఆ చప్పుడు మాత్రం ఇక్కడే వినాలి.

ముందు టికెట్ సంగతి. మొదటిసారి నేను దారి మధ్యలోని కూనూర్ నుంచి ఊటీకి టికెట్ తీసుకుని వెళ్లి, ప్లాట్‌ఫామ్ మీద డీజిల్ ఇంజన్ని చూసి ఉసూరుమన్నాను. తప్పు నాదే, కనుక్కోలేదు. ఆవిరి ఇంజన్ నడిచేది కొండ కిందున్న మెట్టుపాళయం నుంచి కూనూర్ దాకానే, అక్కడి నుంచి పైకి డీజిల్. అందుకే టికెట్ మెట్టుపాళయం నుంచే తీసుకోవాలి. బుకింగ్‌లో ఊటీ స్టేషన్ పేరు ఉదగమండలం, కోడ్ యూఏఎం. మెట్టుపాళయం కోడ్ ఎంటీపీ. బుకింగ్ తెరిచిన రోజే కూర్చోండి, రెండు రోజులు ఆగితే వెయిటింగ్ లిస్టే. రానూపోనూ టికెట్లు విడివిడిగా చేసుకోవాలి. ఒక్కటే దొరికితే పైకి వెళ్లేదే తీసుకుని, దిగడానికి బస్సు చూసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కొండచరియలు పట్టాల మీద పడితే రైలు రద్దే. జనవరి, ఫిబ్రవరి నెలలు నాకు నచ్చుతాయి.

చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మెట్టుపాళయంలో దింపుతుంది. కొండరైలు 7:10కి బయల్దేరుతుంది. సామాను సీట్లో పడేసి వెనక్కి, ఇంజన్ దగ్గరికి నడవండి. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో పుట్టిన ఎక్స్ క్లాస్ ఇంజన్ల కుటుంబం ఇది. కొత్తవాటిని తిరుచ్చి దగ్గర గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కట్టారు. పక్కనుంచి చూస్తే ఒకవైపే రెండు సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి, అవతలివైపూ అంతే. ఒక జత మామూలు చక్రాలను తిప్పుతుంది, ఇంకో జత కింద దాగిన పళ్ల చక్రాన్ని, అంటే అంచంతా రంపంలా పళ్లున్న చక్రాన్ని. ఇది ముందే చూసి పెట్టుకుంటే తర్వాత చెవికి పని సులువవుతుంది.

మీ సీటు ముందు బోగీలో పడిందా? చివరి బోగీలోకి వచ్చి, మార్చుకుంటారా అని అడగండి. ముందు సీటు ఇస్తానంటే కాదన్నవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు పోకతోటల మధ్య చదునుగా సాగుతుంది. ఫొటోలు అప్పుడే తీసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. కల్లార్ దగ్గర బండి నెమ్మదిస్తుంది. ఏటవాలు ఎక్కడానికి ఆ చక్రం పట్టుకునే పళ్ల పట్టా, పట్టాల మధ్య మొదలయ్యేది అక్కడే. పళ్ల చక్రం అందులో పడగానే కిందనుంచి గరగరమని ఒక అదురు వస్తుంది, సీటుకి కూడా తెలుస్తుంది. అంతవరకూ తాపీగా ఛుక్‌... ఛుక్‌ అన్న ఇంజన్, బండి నెమ్మదించాక గబగబా కొట్టుకోవడం మొదలెడుతుంది. ఇప్పుడు ఆవిరి మొదట మామూలు చక్రాల సిలిండర్లలో పనిచేసి, ఆపైన పళ్ల చక్రం సిలిండర్లలోకి వెళ్లి, అక్కడి నుంచి పొగగొట్టం ఎక్కుతుంది. మీరు వింటున్నది ఆ రెండో జత దెబ్బలు. బండి నత్తనడక, చప్పుడు మాత్రం పరుగు. దీనికోసమే చివరి బోగీ.

ఒక్క జాగ్రత్త. ఈ ఇంజన్లు ఎక్కువగా మండేది నూనెతో. సొరంగాల్లో పొగతో పాటు వేడినీటి తుంపర్లు, నల్లటి చుక్కలు కిటికీలోంచి మీద పడతాయి. రెండోసారి తెల్లచొక్కా వేసుకెళ్లాను. దాన్ని ఇప్పుడు బండి తుడవడానికి వాడుతున్నాను. దారిలో సొరంగాలు 16, అన్నిట్లోనూ తల లోపలే.

హిల్‌గ్రోవ్‌లో ఇంజన్ నీళ్లు తాగుతుంది. బోగీల్లో టాయిలెట్ ఉండదు కాబట్టి మీ పనులూ అక్కడే కానివ్వండి. తినేవి చేతిలో పట్టుకుని దిగొద్దు, కోతులు కాచుకుని ఉంటాయి. దిగినప్పుడు పట్టాల మధ్యకు చూడండి. పళ్ల పట్టాలు రెండు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని పన్ను ఎదురుగా రెండోదాని సందు వస్తుంది. అందుకే చక్రం ఎప్పుడూ ఏదో ఒక పంటిని పట్టుకునే ఉంటుంది. పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు లేచే ఏటవాలు ఇది, మామూలు పట్టాల మీద ఇంజన్ జారిపోతుంది. ఈ ఏర్పాటుతో కూనూర్ దాకా 1899లోనే రైలు నడిచింది, ఊటీకి చేరింది 1908లో.

కూనూర్‌లో ఇంజన్ మార్చేటప్పుడు దిగి ప్లాట్‌ఫామ్ మీద తిరగండి, లోకో షెడ్ పక్కనే. అక్కడి నుంచి ఊటీ దాకా డీజిల్ ప్రయాణం, వెల్లింగ్టన్, కేత్తి, లవ్‌డేల్. ఇప్పుడు కావాలంటే లోయలు చూసుకోండి, నేనైతే ఓ కునుకు తీస్తాను.

మధ్యాహ్నం 12కి ఊటీ. తిరుగు రైలు 2 గంటలకే. సరస్సు, బొటానికల్ గార్డెన్ అంటూ పరుగులు పెట్టకండి. స్టేషన్ చుట్టుపక్కలే తిని, పావుతక్కువ రెండుకల్లా వచ్చేయండి.

దిగేటప్పుడు ఇంజన్ ముందుంటుంది, అంటే ఎప్పుడూ పల్లం వైపే. బోగీలు వదులైనా దాని మీదే ఆనుకోవాలని ఆ ఏర్పాటు. కూనూర్ కింద మళ్లీ ఆవిరి ఇంజనే, కానీ పొద్దున్నటి ఆయాసం ఉండదు. బోగీ బోగీకీ ఒక బ్రేక్‌మన్ ముందు నిలబడి జెండా ఊపుతూ, బ్రేకు చక్రం తిప్పుతూ ఉంటాడు. ఇనుము ఇనుముని రాసుకునే కీచు, కింద పళ్ల టకటక. పైకి వెళ్లినప్పుడు వినబడని వాగులు ఇప్పుడు వినబడతాయి.

ఐదున్నరకి మెట్టుపాళయం చేరతారు. చెన్నై రైలు రాత్రి తొమ్మిది దాటాకే, కాబట్టి మొహం కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి కావలసినంత టైముంది.