గెజిబో బోల్టులను చివర్లోనే బిగించండి

లోహపు రేకుల కప్పు ఉండే గెజిబోను (స్తంభాల మీద కప్పుతో నిలిచే, గోడలు లేని మండపాన్ని) ఇంటి ఆవరణలో సొంతంగా నిలబెట్టేటప్పుడు స్తంభాలూ దూలాలూ సులువుగానే కుదురుతాయి గానీ, చివరి రేకు దగ్గరకు వచ్చేసరికి దాని రంధ్రం దూలం రంధ్రానికి వేలెడు దూరంలో ఆగిపోతుంది. రేకు కొలత తప్పిందని అనుకుంటాం. చాలాసార్లు చట్రమే ఓ పక్కకు ఒరిగి ఉంటుంది.

అందువల్ల చట్రంలోని బోల్టులన్నిటినీ మొదట చేత్తో తిప్పగలిగినంత వరకే ఎక్కించి, ఒక్కోదాన్ని రెండు చుట్లు వదులుగా ఉంచండి. తరువాత ఇద్దరు టేపు పట్టుకుని ఎదురెదురు మూలల మధ్య రెండు కర్ణాలనూ కొలవాలి. 3 మీటర్ల చదరపు చట్రానికి ప్రతి కర్ణం సుమారు 4.24 మీటర్లు, 3 మీటర్ల వెడల్పూ 4 మీటర్ల పొడవూ ఉన్నదానికి సరిగ్గా 5 మీటర్లు రావాలి. ఏ కర్ణం ఎక్కువ వస్తే దాని రెండు మూలలను లోపలికి మెల్లగా నెట్టుతూ, తేడా 5 మిల్లీమీటర్లలోపుకు వచ్చాక ఎదురెదురు మూలల క్రమంలో స్పానరుతో బిగించండి. రేకుల మరలను మాత్రం అన్ని రేకులూ కూర్చున్నాకే పూర్తిగా బిగించాలి.

నేల వాలుగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు: కర్ణాలు సమానంగా వచ్చినా కప్పు మెలితిరిగే ఉంటుంది కాబట్టి, ముందుగా రసమట్టం పెట్టి స్తంభాల అడుగులను ఒకే ఎత్తుకు తెచ్చుకోవాలి.