బియర్డెడ్ డ్రాగన్ తిండి మానేసిందా? ముందు బల్బు కింద వేడి కొలవండి

మా అబ్బాయి పట్టుబట్టి బియర్డెడ్ డ్రాగన్‌ను తెచ్చుకున్నప్పుడు, వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "తొండకి ఇన్ని లైట్లేంట్రా!" అని ఒకటే నవ్వు. తొండ అనడంలో తప్పు లేదు, ఇదీ ఆ కుటుంబమే. మన పెరటి తొండ పొద్దున్నే ప్రహరీ గోడెక్కి ఎండ కాగుతుంది, చాలనిపిస్తే నీడలోకి దూరుతుంది. ఆస్ట్రేలియా ఎడారిలో ఇది చేసేదీ అదే. చికాగో చలికాలంలో ఆ ఎండనీ, ఆ నీడనీ నాలుగడుగుల పెట్టెలో మనమే ఇవ్వాలి.

తిండి ముట్టడం లేదు, రోజంతా నల్లబడి పడుకుంటోంది

చాలాసార్లు కారణం వేడి చాలకపోవడమే. ఒళ్లు కాగితే గానీ దీనికి తిన్నది అరగదు. వేడిని పట్టుకోవడానికే ఒళ్లు ముదురు రంగుకి మార్చుకుంటుంది.

మా ఇంట్లో మూడు వారాలు ఇదే టెన్షన్. కిట్‌తో వచ్చిన గుండ్రటి థర్మామీటర్ వెనక అద్దానికి అంటించి ఉంది, ముల్లు 95 ఫారెన్‌హీట్ మీద నిలబడి ఉంది. అంతా బాగానే ఉందనుకున్నాం. ఒకరోజు తాకకుండానే వస్తువు పైవేడి చూపించే టెంప్ గన్ తెచ్చి అది పడుకునే రాయి మీద పెడితే 84! ముల్లు చూపించేది అద్దం దగ్గరి గాలి వేడి, అదీ ఉజ్జాయింపుగా. రాయి సంగతి దానికి తెలీదు.

ఎండ కాగే చోట రాయి పైభాగం 100 నుంచి 108 (38-42 సెల్సియస్) ఉండాలి. చాలకపోతే రాయిని ఒక అంగుళం పైకి లేపండి, గంట ఆగి మళ్లీ కొలవండి. అప్పటికీ రాకపోతే ఎక్కువ వాట్ల బల్బు వేయండి. నుదుటికి పెట్టే జ్వరం గన్ ఇక్కడ పనికిరాదు, మెకానిక్‌లు వాడే రకం కావాలి. అద్దం బయటి నుంచి కొడితే అద్దం వేడే చూపిస్తుంది, తలుపు తీసే కొలవండి. బల్బు కూడా వీపంతా కాగేలా వెలుగు పరిచే హాలోజన్ ఫ్లడ్ రకం మంచిది. సన్నటి స్పాట్ అయితే ఒకే చోట చురుక్కుమనిపిస్తుంది.

వేడి సరిగ్గా ఉన్నా ఏడాది దాటిన జంతువు చలికాలంలో మందగిస్తే అది శీతకాలపు నిద్ర కావచ్చు. వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గుతున్నా, వయసు ఏడాదిలోపే అయినా వెట్‌కి చూపించాల్సిందే.

ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే ఉంటోంది

బల్బు కింద కాసేపు నోరు తెరిస్తే కంగారు అక్కర్లేదు, కుక్క నాలుక చాపినట్టే అదీ. చల్లటి మూలకి వెళ్లి కూడా తెరుస్తుంటే పెట్టె మొత్తం వేడెక్కిపోయినట్టు. ఆ మూల 75-80 దాటకూడదు. పెట్టె చిన్నదైతే ఏం చేసినా వేడి చోటికీ చల్లటి మూలకీ ఈ తేడా రాదు, పెద్దది కొనాల్సిందే.

కాళ్లు, వేళ్లు అదురుతున్నాయి, దవడ మెత్తగా ఉంది

ఇది కనబడితే రేపటికి వాయిదా వేయకండి, సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు తగలకపోతే చర్మంలో విటమిన్ డీ3 తయారవదు. డీ3 లేకపోతే తిండిలో ఎంత కాల్షియం పొడి చల్లినా ఒంటికి పట్టదు, అప్పుడు శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది.

"లైటు వెలుగుతూనే ఉంది కదా" అంటారు. యూవీబీ మన కంటికి కనబడదు. యూవీబీ ఇచ్చే ట్యూబు లైటు పాతబడేకొద్దీ అది తగ్గిపోతుంది, వెలుగు మాత్రం అలాగే ఉంటుంది. టీ5 అనే సన్నటి రకం ట్యూబు ఏడాదికోసారి మార్చండి. నేను పెట్టిన తేదీని ట్యూబు చివర మార్కర్‌తో రాస్తాను. చుట్టలు తిరిగిన చిన్న బల్బు వద్దు, దాని వెలుగు ఒక్క చోటే పడుతుంది. పొడవాటి ట్యూబును హాలోజన్ పక్కనే పెట్టండి, వేడీ యూవీబీ ఒకేచోట పడాలి. మధ్యలో ఇనుప జాలీ ఉంటే యూవీబీ కొంత భాగం అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ట్యూబు ఎంత దూరంలో ఉండాలో లెక్కేసుకునేటప్పుడు దాన్నీ కలుపుకోండి. కిటికీ ఎండని నమ్ముకోకండి, అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది.

కొత్త ట్యూబు పెట్టాక కళ్లు చిట్లిస్తుంటే అది మరీ దగ్గరగా ఉందేమో చూడండి.

రాత్రంతా అటూ ఇటూ తిరుగుతోంది

రాత్రి వేడికని పెట్టిన ఎర్ర బల్బు తీసేయండి. "ఎరుపు దానికి కనబడదు" అని అమ్మేవాళ్లు చెప్తారు, బాగా కనబడుతుంది. రాత్రి చీకటే కావాలి, 65 దాకా చల్లబడినా పర్లేదు. అంతకన్నా పడిపోతే వెలుగివ్వని సిరామిక్ హీటర్ పెట్టండి. కింద పెట్టే వేడి రాయి మాత్రం వద్దు, పొట్ట కాలుతున్నా లేవకుండా దానిమీదే పడుకుంటాయి.

బల్బు ఆరుతూ వెలుగుతోంది

వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లలో ఆన్-ఆఫ్ రకానికి హాలోజన్ తగిలించి ఉంటారు. అది సిరామిక్ హీటర్‌కి సరిపోతుంది. వెలిగే బల్బుకి ఆర్పకుండా వెలుగు తగ్గించి పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ కావాలి. హోల్డర్ ప్లాస్టిక్‌దైతే అదీ మార్చి పింగాణీది పెట్టండి, మాది అంచులు కరిగాక తెలిసింది.