ఇంటి డబ్బుకు తేదీ ఉంటుంది

ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. "అక్కా, నెలకు పాతిక వేలు మిగులుతున్నాయి. సిప్ కట్టాలా, ఇంటికి దాచాలా?" సిప్ అంటే నెలనెలా మ్యూచువల్ ఫండులో కొంత మొత్తం వేయడం. రెండూ చేయవచ్చు. కానీ ఆ రెండు డబ్బులూ ఒకే చోట కలవకూడదు. పదవీ విరమణ కోసం వేసే డబ్బుకు తొందర లేదు. ఇంటి డబ్బుకు మాత్రం తేదీ ఉంటుంది. ఆ తేదీ నాటికి మార్కెట్ ఎలా ఉందో అమ్మేవారికి అనవసరం.

మా పిన్ని కొడుకు 2020 జనవరిలో ఒక పాత ఫ్లాటుకు బయానా ఇచ్చాడు. ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ అనుకున్నారు. నాలుగేళ్లు కూడబెట్టిన 12 లక్షలూ నిఫ్టీ లాంటి షేర్ల సూచీ వెంట నడిచే ఇండెక్స్ ఫండులో ఉన్నాయి. మూడు నెలలే కదా, ఇంకాస్త పెరుగుతుందని తీయలేదు. జనవరి నడుమ 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ రాత్రి అతను ఫోను తెరను ఫోటో తీసి నాకు పంపాడు. పైన ఎర్ర అంకె, కింద ఏడున్నర లక్షలకు తక్కువ మొత్తం. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. అమ్మేవారు మే దాకా ఆగారు, అంతకు మించి వాళ్లకూ కుదరలేదు. యూనిట్లు నష్టానికే అమ్మి, తగ్గినదానికి పిన్ని గాజులు బ్యాంకులో కుదువ పెట్టారు. నవంబరుకల్లా నిఫ్టీ మళ్లీ జనవరి స్థాయికి వచ్చేసింది. ఆగగలిగినవారికి ఏమీ పోలేదు. తేదీ ఉన్నవాడికే పోయింది.

అందుకే అయిదేళ్లలోపు ఇల్లు కొనాలనుకుంటే ఆ డబ్బును రికరింగ్ డిపాజిట్‌లో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. వడ్డీ తక్కువే, దాని మీద పన్నూ ఉంటుంది. అయినా సరే, అక్కడే ఉంచండి. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే బీమా ఉంటుంది కాబట్టి, మొత్తం పెరిగేకొద్దీ రెండు మూడు బ్యాంకుల్లో సర్దండి. పదిహేనేళ్ల తర్వాతి అవసరాలకు ఇండెక్స్ ఫండులో రెండు మూడు వేలతో సిప్ మొదలుపెట్టండి. మార్కెట్ పడినప్పుడు దాన్ని ఆపవద్దు.

ఎంత దాచాలన్నదగ్గర చాలామంది లెక్క తప్పుతున్నారు. 60 లక్షల ఫ్లాటు తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదు. అంటే బ్యాంకు గరిష్ఠంగా 48 లక్షలు ఇస్తుంది, చేతి నుంచి 12 లక్షలు పెట్టాలి. పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు ఏడున్నర శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. ఇది అప్పు లెక్కలోకి రాదు, మీరే కట్టాలి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే పైగా 5 శాతం జీఎస్టీ, ఇంకో 3 లక్షలు. అల్మరాలు, ఫ్యాన్లు, అపార్ట్‌మెంటు నిర్వహణకు ముందే కట్టే కార్పస్ ఫండు వేరు. 12 లక్షలు చాలనుకున్నవారికి చివరికి 20 లక్షల దాకా అవసరమవుతుంది. ఆ తేడాను పర్సనల్ లోనుతో పూడ్చుకుని, కొత్త ఇంట్లో మొదటి మూడేళ్లు ఊపిరాడని కుటుంబాలను చూశాను.

48 లక్షల అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా సుమారు 41,700 రూపాయలు. ఇప్పుడు అద్దె 18,000 కడుతున్నారనుకోండి. మిగతా 23,700ను ఈ నెల నుంచే, జీతం పడిన మర్నాడే డిపాజిట్‌కు పంపండి. ఆరు నెలలు ఇబ్బంది లేకుండా కట్టగలిగితే ఆ ఇల్లు మీ జీతానికి సరిపోతుంది. రెండో నెలకే క్రెడిట్ కార్డు తీయాల్సి వస్తే ఇంకాస్త చిన్న ఇల్లు చూసుకోవాలని ఇప్పుడే తెలుస్తుంది. అయిదేళ్లు ఆపకుండా కడితే వడ్డీతో 16 లక్షల దరికి చేరుతుంది. ఈలోగా ఇంటి ధరా పెరుగుతుంది కాబట్టి, జీతం పెరిగినప్పుడల్లా ఈ మొత్తాన్నీ పెంచండి.

ఇదంతా మొదలుపెట్టే ముందే ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో చూడండి. కంపెనీ ఇచ్చే పాలసీలో చాలాచోట్ల తల్లిదండ్రులు ఉండరు, ఉన్నా ఉద్యోగం మారిన రోజున అది ఆగిపోతుంది. ఇంటికని దాచిన డబ్బు ఆసుపత్రి బిల్లుకు కరిగిపోవడం నాకు తెలిసిన ఇళ్లలోనే రెండుసార్లు జరిగింది.

జనవరి నుంచి మార్చి దాకా మరింత జాగ్రత్త. పన్ను ఆదా అంటూ తెలిసిన బాబాయే ఇంటికి వచ్చి పాలసీ కాగితం ముందు పెడతారు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఇలాంటి పాలసీల మీద పన్ను మినహాయింపే లేదు. ఇల్లు కొనేనాటికి ఆ డబ్బు తీయగలనా అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. చీటీ వేస్తే రిజిస్టరు చేసినదే వేయండి. నడిపేవారు రిజిస్ట్రారు దగ్గర పూచీ పెట్టాలని 1982 నాటి చట్టం చెబుతోంది. వీధిలో నోటిమాట మీద నడిచే చీటీకి ఆ రక్షణ ఉండదు. తొందరగా ఇల్లు కొనాలని, షేర్ల ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి మాత్రం వెళ్లకండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ప్రీలాంచ్. పునాది కూడా తీయని స్థలం చూపించి, మొత్తం ఒకేసారి కడితే చదరపు అడుగు సగం ధరకే ఇస్తామంటారు. అయిదేళ్ల పొదుపు, అప్పు తెచ్చినది కలిపి ఒక్క చెక్కుతో వెళ్లిపోతుంది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు, బుకింగ్ డబ్బు తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. "రెరా నంబరు వచ్చే నెల వస్తుంది, ఆఫర్ ఈ ఆదివారమే" అంటే, నంబరు వచ్చాకే వస్తామని చెప్పి లేచి రండి. నంబరు ఇస్తే అక్కడే కూర్చుని రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు, సర్వే నంబరు, ముగించాల్సిన గడువు చూసుకోండి. బ్రోచరులో ఉన్న సర్వే నంబరూ ఇదీ ఒకటే అయితేనే బుకింగ్ ఫారం అడగండి.