ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్మార్ట్ కార్డ్ రీడర్ – రెండో పాఠం: కార్డు చేత మాట్లాడించడం

మొదటి పాఠంలో స్మార్ట్ కార్డ్ రీడర్, అంటే చిప్ ఉన్న కార్డుతో మాట్లాడే పరికరం, ల్యాప్‌టాప్‌లో ఎక్కడుందో వెతికాం. లాటిట్యూడ్, థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ లాంటి బిజినెస్ మోడళ్లలో, మణికట్టు ఆనించే భాగానికి కింద, ఎడమ పక్కనో కుడి పక్కనో సన్నటి గాడి ఉంటుంది. ఏటీఎం కార్డు పొట్టి అంచు పట్టేంత వెడల్పుంటేనే అది మన రీడర్. ఇరుగ్గా ఉంటే కెమెరా మెమరీ కార్డు కోసం పెట్టినది. సికింద్రాబాద్ సీటీసీలోనో మరెక్కడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రీడర్ వద్దని ఆర్డర్ చేసిన ల్యాప్‌టాప్‌లకి ఒక్కోసారి ఆ చోట ఉత్త ప్లాస్టిక్ బిళ్ల బిగించి పంపుతారు. బయటికి గాడిలాగే కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు.

ఈ పాఠానికి చిప్ ఉన్న కార్డు ఒకటి కావాలి. గడువు తీరిన డెబిట్ కార్డు చాలు. ఆధార్ పీవీసీ కార్డు పనికిరాదు, దాని మీద ఉన్నది క్యూఆర్ కోడే తప్ప చిప్ కాదు. సిమ్ కార్డు కూడా ఈ జాతిదే కానీ, విడి సిమ్‌ని గాడిలో పెట్టకండి. లోపల పడిపోతే ల్యాప్‌టాప్ విప్పాల్సి వస్తుంది.

చిప్ ఉన్న అంచు ముందుగా లోపలికి పోవాలి. చాలా మోడళ్లలో చిప్ పై వైపుకి ఉండాలి. కొంచెం బిగువు తగిలేదాకా నెట్టి ఆపండి. కార్డులో కొంత భాగం బయటే ఉంటుంది, అలాగే ఉండాలి. పూర్తిగా పోలేదని ఇంకా నొక్కితే లోపలి పిన్నులు వంగిపోవచ్చు.

చిప్ మీది బంగారు రంగు పలకను దగ్గరగా చూస్తే గీతలతో విడదీసిన గడులు కనిపిస్తాయి. ఐఎస్ఓ 7816 ప్రమాణంలో వీటికి ఎనిమిది స్థానాలున్నాయి. ఒకటోది కరెంటు, రెండోది రీసెట్, మూడోది క్లాక్, ఐదోది గ్రౌండ్, ఏడోది డేటా. నాలుగు, ఎనిమిది చాలా కార్డుల్లో ఖాళీయే, అందుకే కొన్ని చిప్‌ల మీద ఆరు గడులే ఉంటాయి. కార్డుకి సొంత బ్యాటరీ లేదు. రీడర్ కరెంటు, క్లాక్ ఇచ్చి రీసెట్ వదిలిన వెంటనే చిప్ నిద్రలేచి ఒక చిన్న జవాబు పంపుతుంది. దాన్ని ఏటీఆర్ అంటారు. గరిష్ఠంగా 33 బైట్లు. అందులో మొదటిది, కంప్యూటర్ వాడే హెక్స్ అంకెల్లో, 3బి గానీ 3ఎఫ్ గానీ అయి ఉంటుంది. నేను ఏ ప్రోటోకాల్‌లో (మాట్లాడే పద్ధతిలో) మాట్లాడతాను, ఎంత వేగం తట్టుకోగలను అన్న సమాచారం మిగతా వాటిలో ఉంటుంది.

ఆ జవాబుని మన కళ్లతో చూద్దాం. విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. స్మార్ట్ కార్డ్ రీడర్స్ అన్న వరుస కనిపించాలి. కనిపించకపోతే ముందు బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి చూడండి. కంపెనీలు అక్కడే ఆఫ్ చేసి పెట్టడం మామూలే. వరుస ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సర్ట్‌యుటిల్ (certutil) అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, దాన్ని ఆనుకునే ఎస్‌సీఇన్ఫో (scinfo) అని కొట్టి ఎంటర్ నొక్కండి. రీడర్ పేరు, కార్డు ఉందో లేదో, ఏటీఆర్ బైట్లు వరుసగా వస్తాయి. కార్డులో డిజిటల్ సర్టిఫికెట్లు (కార్డు ఎవరిదో చెప్పే ఫైళ్లు) ఉంటే పిన్ అడిగే కిటికీ కూడా లేస్తుంది. ఇప్పటికి క్యాన్సిల్ కొట్టేయండి. లినక్స్ వాళ్లకి పీసీఎస్‌సీ స్కాన్ (pcsc_scan) అనే చిన్న ప్రోగ్రాం ఇదే పని ఇంకా శుభ్రంగా చేస్తుంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే ఎర్రర్ ఒకటుంది: 8010001డి. స్మార్ట్ కార్డ్ సర్వీస్ నడవడం లేదని దాని అర్థం. అది చూసి సర్వీసుల లిస్టులోకి వెళ్లి గంటలకొద్దీ కుస్తీ పడతారు. రీడర్ కనబడితేనే విండోస్ ఆ సర్వీస్‌ని లేపుతుంది. అంటే అసలు రోగం చాలాసార్లు రీడరే కనబడకపోవడం. ముందు డివైస్ మేనేజర్ చూడమన్నది అందుకే. ఇక 80100066 వస్తే రీడర్ బాగానే ఉంది, కార్డే పలకడం లేదు. తిరగేసి పెట్టారేమో చూడండి. లేదంటే చిప్‌ని పొడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి.

డెబిట్ కార్డు 3బి తోనో 3ఎఫ్ తోనో మొదలయ్యే జవాబిచ్చిందా? మీ రీడర్ బతికే ఉంది. బ్యాంకు కార్డుతో ల్యాప్‌టాప్‌లో చేయాల్సిన పని ఇంతే. రీడర్‌లో కార్డు పెట్టి ఏటీఎం పిన్ కొట్టమని ఏ సాఫ్ట్‌వేర్ అడిగినా అక్కడితో ఆపేయండి.

రీడర్ ఉద్యోగం కార్డులోని రహస్యాన్ని చదవడం కాదు. తహసీల్దారు ఆఫీసులో అటెండరు ఫైలు లోపలికి పట్టుకెళ్లి సంతకం పెట్టించుకొస్తాడు, సంతకం ఎలా పెట్టాలో అతనికి తెలియదు. రీడర్ కూడా అంతే. ల్యాప్‌టాప్ పంపిన చిన్న లెక్కని చిప్‌కి అందిస్తుంది, చిప్ తన రహస్య తాళంతో (సంతకం చేయడానికి వాడే రహస్య సంఖ్య, ఇంగ్లిష్‌లో కీ) దాని మీద సంతకం చేసి తిప్పి పంపుతుంది. ఆ తాళం చిప్ గడప దాటి రాదు. ల్యాప్‌టాప్‌లో వైరస్ దూరినా తాళాన్ని కాపీ చేసుకుపోలేదు. అయితే కార్డు లోపలే ఉండి, పిన్ కూడా ఆ వైరస్‌కి దొరికితే, మీకు తెలియకుండా సంతకాలు మాత్రం పెట్టించగలదు. పనయ్యాక కార్డు తీసేయమని ఆఫీసు వాళ్లు పోరేది ఇందుకే.

పిన్ సంగతీ చిప్పే చూసుకుంటుంది. సరిపోతే 9000 అని జవాబు. తప్పయితే, ఉదాహరణకి 63సి2, అంటే ఇంకా రెండే అవకాశాలు. చివరి అంకె తగ్గుతూ పోయి, అయిపోయాక 6983, కార్డు లాక్. అమెరికా రక్షణ శాఖ ఇచ్చే క్యాక్ కార్డు మూడు తప్పులకే లాక్ అవుతుంది. విండోస్‌ని రీస్టార్ట్ చేస్తే లెక్క మొదటికొస్తుందనుకునేవాళ్లున్నారు. లెక్క ఉన్నది కార్డులో, ల్యాప్‌టాప్‌లో కాదు.

ఈ రీడర్లు ఇళ్లలో వాడే ల్యాప్‌టాప్‌లలో లేకుండా బిజినెస్ మోడళ్లలోనే ఎందుకున్నాయంటే, కొనేవాళ్లు అడిగారు కాబట్టి. 2004 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగులు, కాంట్రాక్టర్లందరికీ ఒకే రకం గుర్తింపు కార్డు ఉండాలని ఆదేశించింది. తలుపు తెరవడానికీ, కంప్యూటర్‌లో లాగిన్ అవడానికీ అదే కార్డు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే మన తెలుగు డాక్టర్లకు స్మార్ట్‌కార్డు కొత్త కాదు, రోగి రికార్డులు తెరవాలంటే చాలాచోట్ల అది కావాలి. ఎస్టోనియాలో 2002 నుంచి పౌరులకు చిప్ కార్డులున్నాయి, 2005 స్థానిక ఎన్నికల్లో వాటితో ఇంటర్నెట్‌లో ఓట్లు కూడా వేశారు. అదే దేశంలో 2017లో పెద్ద టెన్షన్ వచ్చిపడింది. చిప్ లోపల తాళాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే లోపముందని, రహస్య తాళానికి జంటగా ఉండి, సంతకం సరైనదో కాదో చూడడానికి అందరికీ ఇచ్చే పబ్లిక్ తాళం నుంచి రహస్య తాళాన్ని లెక్కగట్టవచ్చని తేలింది. దాదాపు 7.6 లక్షల కార్డుల సర్టిఫికెట్లను నవంబరులో నిలిపేశారు. తాళం బయటికి రాదన్న భరోసా, లోపల దాన్ని సరిగ్గా తయారుచేసినంత వరకే.

మన దగ్గర ఈ గాడి ఖాళీగా ఉండడానికి కారణం, డిజిటల్ సిగ్నేచర్ మనకి యూఎస్‌బీ రూపంలో అలవాటైంది. టెండర్లకీ కంపెనీ ఫైలింగులకీ వాడే ఆ డాంగిల్ వేరే వస్తువేం కాదు, స్మార్ట్ కార్డు చిప్, రీడర్ కలిపి ఒకే డబ్బాలో పెట్టినది. మీసేవలో మీరు తీసుకునే సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం వెనకున్నదీ ఇదే పద్ధతి. డాంగిల్ ఉన్నవాళ్లు దాన్ని గుచ్చి, డివైస్ మేనేజర్ మళ్లీ చూడండి. చాలా వాటికి స్మార్ట్ కార్డ్ రీడర్స్ వరుసలోనే కొత్త పేరు వస్తుంది.

ఇంటిపని: కార్డుని సరిగా పెట్టి ఒకసారి, తిరగేసి ఒకసారి పైన చెప్పిన కమాండ్ నడపండి. రెండుసార్లూ ఏం వచ్చిందో రాసుకోండి. రెండోసారి మ్యూట్ అన్న మాట ఎక్కడొస్తుందో వెతకండి. పిన్ జోలికి పోవద్దు.

వచ్చే పాఠంలో కార్డుతో విండోస్ లాగిన్. కార్డు లాగేయగానే స్క్రీన్ లాక్ అయ్యేలా పెట్టడం, కార్డు లాగిన్‌కి కంపెనీ డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే ఏర్పాటు) ఎందుకు కావాలి, ఇంట్లో ఒంటరిగా ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎందుకు కుదరదు అన్నవి చూద్దాం. ఆఫీసు కార్డు ఉన్నవాళ్లు ఐటీ విభాగాన్ని అడిగి అనుమతి తీసుకుని ఉంచుకోండి.